వేలానికి వచ్చిన ప్రదర్శనశాల: పాత మోటారు కార్ల విలువ కథ

వస్తువు పాతబడినకొద్దీ దాని వెల తగ్గడం లోకసహజం. క్రొత్త మోటారు కారు దుకాణం గడప దాటి వీధిలోకి వచ్చిన మరుక్షణమే దాని ధర కొంత తగ్గుతుంది. పది సంవత్సరాలు తిరిగిన తరువాత బేరానికి వచ్చేవారే తక్కువ. ఇరవై, ముప్పై సంవత్సరాలకు అది పాత ఇనుప సామాను దుకాణానికి చేరుతుంది. అక్కడ దానిని తూకం వేసి కొంటారు. దానిలో ఎంత ఇనుము ఉన్నదో అంతే దాని విలువ.

అయితే నూటికో కోటికో ఒక కారు ఈ గతి తప్పించుకుంటుంది. దాని ధర అడుగంటిన తరువాత మళ్ళీ మెల్లగా పైకి లేచి, క్రొత్తగా ఉన్నప్పటి ధరను దాటి, ఒక్కొక్కప్పుడు ఊహకు అందనంత ఎత్తుకు పోతుంది. ఆ కారులో ఇనుము పెరగలేదు. యంత్రానికి బలమూ పెరగలేదు. మరి పెరిగినదేమిటి? ఒక ప్రదర్శనశాలలోని కార్లన్నీ వేలానికి వచ్చినప్పుడు ఈ ప్రశ్న అందరి ముందుకూ వస్తుంది. అంతవరకు అద్దాల వెనుక నిలబడి, వెల లేని వస్తువులుగా కనిపించిన కార్లకు ఒక్కొక్కదానికి ఒక అంకె తగిలిస్తారు. ఆ అంకెలు ఎట్లా పుడతాయో, వాటి వెనుక ఏ చరిత్ర ఉన్నదో ఈ వ్యాసంలో తెలుసుకుందాం.

ఏది పాత కారు?

పాతది అన్న మాటకు హద్దు ఉండాలి కదా. బ్రిటనులోని ఔత్సాహికులు 1918 చివరివరకు తయారైన కార్లను ‘వెటరన్’ కార్లనీ, 1919 నుండి 1930 వరకు తయారైన వాటిని ‘వింటేజ్’ కార్లనీ పిలుస్తారు. మన దేశంలో 2021లో కేంద్ర ప్రభుత్వం చేసిన నియమాల ప్రకారం, 50 సంవత్సరాలు దాటి, తమ అసలు రూపాన్ని నిలుపుకొన్న వాహనాలను వింటేజ్ వాహనాలుగా రిజిస్టరు చేసుకోవచ్చును. వాటి సంఖ్యలో ‘వి.ఏ.’ అన్న అక్షరాలు ఉంటాయి. వాటిని అద్దెకు త్రిప్పడానికి వీలులేదు. అంటే చట్టం దృష్టిలో కూడా అవి ప్రయాణ సాధనాలు కావు, చరిత్ర సాధనాలు.

రీనో నగరపు కథ

అమెరికాలోని నెవాడా రాష్ట్రంలో రీనో అనే నగరం ఉన్నది. జూదశాలలకు పేరుపొందిన ఈ నగరంలో విలియం హారా అనే వ్యాపారి ఉండేవాడు. 1911లో పుట్టిన ఈయన రీనోలోను, టాహో సరస్సు ఒడ్డునను పెద్ద జూదశాలలు, హోటళ్ళు నడిపాడు. 1948లో ఒక పాత మాక్స్‌వెల్ కారు కొన్నాడు. అది 1911లో తయారైనది, అంటే ఆయన ఈడుదే. అక్కడ మొదలైన అభిరుచి ఆయనను జీవితాంతం వదలలేదు. 1978లో ఆయన చనిపోయేనాటికి సేకరణలో సుమారు 1,400 కార్లు చేరాయి.

అందిన కారునల్లా పోగుచేయడంతో హారా తృప్తిపడలేదు. కార్లను బాగుచేయడానికి స్వంతంగా ఒక కర్మాగారం పెట్టాడు. అందులో వడ్రంగులు, కమ్మరులు, తోలుపని వారు, రంగులు వేసేవారు అందరూ ఉండేవారు. పాత కార్ల గురించిన పుస్తకాలు, తయారీదారులు ఇచ్చిన కరపత్రాలు, చిత్రపటాలు సేకరించి ఒక గ్రంథాలయం కూర్చాడు. ఏ కారుకు ఏ సంవత్సరంలో ఏ రంగు వేశారో, ఏ మర బిగించారో ఆ కాగితాలలో వెతికి, రుజువు దొరికిన తరువాతనే పని మొదలుపెట్టేవారు. కొద్ది మంది ధనికుల విలాసంగా ఉన్న పాత కార్ల సేకరణకు ఈ విధంగా పరిశోధన పద్ధతి అలవడింది.

ఈ పద్ధతికి చక్కని ఉదాహరణ థామస్ ఫ్లయర్ అనే కారు. 1908 ఫిబ్రవరి 12న న్యూయార్కులో బయలుదేరి, అమెరికా, జపాను, సైబీరియాల మీదుగా పారిస్ వరకు జరిగిన పందెంలో గెలిచిన కారు ఇది. ప్రయాణానికి 169 రోజులు పట్టింది. అర్ధ శతాబ్దం గడిచిన తరువాత హారాకు ఒక పాత థామస్ ఫ్లయర్ దొరికింది. పందెం గెలిచినది ఇదేనా, అటువంటి మరొకటా? పందెంలో దానిని నడిపిన జార్జ్ షుస్టర్ అప్పటికి బ్రతికే ఉన్నాడు. ఆ వృద్ధుని రీనోకు పిలిపించారు. దారిలో కారు విరిగినప్పుడు తన చేతులతో చేసిన మరమ్మతుల గుర్తులు ఆయన దాని మీద పోల్చుకున్నాడు. కారు అసలుదేనని తేలింది. దానిని క్రొత్తదానిలా మెరిసేటట్లు చేయక, పారిస్ చేరిననాడు ఎట్లా ఉన్నదో ఆ రూపానికి తీసుకువచ్చారు.

అంత జాగ్రత్తగా కూర్చిన ఈ సేకరణకు చట్టరీత్యా ఏ రక్షణా లేదు. అది హారా వ్యాపార సంస్థ ఆస్తిలో ఒక భాగం మాత్రమే. 1980లో హాలిడే ఇన్స్ అనే హోటళ్ళ సంస్థ ఆ వ్యాపారాన్ని కొన్నది. హోటళ్ళతో, జూదశాలలతో పాటు కార్లు కూడా క్రొత్త యజమాని చేతికి వచ్చాయి. కొన్నవారికి కావలసినవి హోటళ్ళు. కార్లను అమ్మివేయాలన్న ఆలోచన బయటపడగానే నెవాడా ప్రజలు గట్టిగా అభ్యంతరం తెలిపారు. చివరకు ఒక రాజీ కుదిరింది. 175 కార్లను, గ్రంథాలయాన్ని లాభాపేక్ష లేని ఒక సంస్థకు దానం చేశారు. మిగిలిన వాటిలో ఎక్కువ భాగాన్ని 1984, 1985, 1986 సంవత్సరాలలో మూడు విడతలుగా వేలం వేశారు. దానం చేసిన కార్లతో 1989లో రీనోలో జాతీయ ఆటోమొబైల్ ప్రదర్శనశాల తెరుచుకున్నది. థామస్ ఫ్లయర్ అందులోనే ఉన్నది.

మూడు విడతలు ఎందుకు?

మన ఊళ్ళలో మామిడి తోట పాటలు, చెరువు చేపల పాటలు చూసినవారికి వేలం సంగతి క్రొత్త కాదు. పాటలో పాల్గొనేవారు ముందుగా ధరావతు కట్టాలి. ఒకరి పాట మీద మరొకరు పాడుతారు. ‘ఒకటోసారి, రెండోసారి, మూడోసారి’ అనగానే హెచ్చుపాట ఖాయమవుతుంది. కార్ల వేలం కూడా మూలంలో ఇదే. అయితే అందులో రెండు మూడు విశేషాలు ఉన్నవి.

మొదటిది, అమ్మేవాడు ఒక కనీస ధరను రహస్యంగా నిర్ణయించుకోవచ్చును. పాట అంతవరకు రాకపోతే కారు అమ్ముడుపోదు. రెండవది, సుత్తి దెబ్బ పడిన ధర మీద కొన్నవాడు వేలం సంస్థకు కొంత రుసుము చెల్లించాలి. పత్రికలలో కనిపించే ధరలు సాధారణంగా ఈ రుసుము కలిపినవే. కనుక రెండు అమ్మకాలను పోల్చేటప్పుడు రెండింటిలోను రుసుము కలిసినదో లేదో చూసుకోవాలి. మూడవది, ధర పైకి పోవడానికి ధనికుడైన పాటదారు ఒక్కడు చాలడు, ఇద్దరు కావాలి. ఒక్కడే ఉంటే అతడు ఎంత ధనవంతుడైనా కనీస ధర దగ్గరే ఆగుతాడు. వేలంలో వచ్చే ధర గెలిచినవాని కోరిక మీదకంటె, ఓడినవాడు ఎంతవరకు వచ్చి ఆగాడన్న దాని మీద ఎక్కువగా ఆధారపడుతుంది.

ఇప్పుడు విడతల సంగతి సులభంగా బోధపడుతుంది. ఒకే రకపు కార్లు పది ఒకే రోజున అమ్మకానికి వస్తే, వాటిని కోరేవారు పన్నెండుగురే ఉంటే, మొదటి కారుకు పన్నెండుగురు పోటీ పడతారు. పదవ కారు వచ్చేసరికి మిగిలేది ముగ్గురే. సంతలో వంకాయల బండ్లు ఎక్కువ వచ్చిననాడు ధర పడిపోయినట్లే ఇది కూడ. సామాన్యమైన కార్లకు పెద్ద సేకరణ వేలం ఈ విధంగా నష్టం కలిగించవచ్చును. సంవత్సరానికి కొన్ని చొప్పున అమ్మితే పాటదారులు మళ్ళీ డబ్బు కూర్చుకొని రావడానికి వ్యవధి దొరుకుతుంది.

లోకంలో ఒకటో రెండో ఉన్న కార్ల విషయంలో దీనికి విరుద్ధం జరుగుతుంది. పెద్ద సేకరణ వేలం నలుమూలల నుండి కొనేవారిని ఒకచోటికి చేరుస్తుంది. ఈ అవకాశం తప్పితే మళ్ళీ రాదన్న భయం పాటను పెంచుతుంది. పైగా పేరుపొందిన ప్రదర్శనశాలలో ఉన్నదన్న చరిత్ర కారుకు ఒక యోగ్యతాపత్రం వంటిది. హారా సేకరణలో ఉండిన కారు ఈనాటికీ అమ్మకానికి వస్తే, ఆ సంగతిని వేలం పట్టికలో తప్పక ముద్రిస్తారు.

రాయల్ కారు ప్రయాణం

హారా వేలంలో అందరి కళ్ళూ పడినది బుగాటీ రాయల్ అనే కారు మీద. ఎత్తోరే బుగాటీ ఇటలీలో పుట్టి, ఆల్సేసు ప్రాంతంలోని మోల్సైమ్ అనే ఊరిలో కార్ల కర్మాగారం నడిపాడు. రాజులకు, చక్రవర్తులకు తగిన కారు ఒకటి చేయాలని ఆయన సంకల్పించాడు. ఎనిమిది సిలిండర్ల ఆ యంత్రం పరిమాణం 12.7 లీటర్లు. ఈనాడు మన వీధులలో తిరిగే చిన్న కార్ల యంత్రాలు పదింటిని కలిపితే వచ్చే పరిమాణం ఇది. కారు పొడవు ఆరు మీటర్లు దాటుతుంది, బరువు మూడు టన్నులు. అటువంటివి 25 చేయాలని ఆయన అనుకున్నాడు. ఇంతలో 1929 నాటి ఆర్థిక మాంద్యం ముంచుకు వచ్చింది. బయటివారు కొన్నవి మూడే. ఈనాటికి నిలిచినవి మొత్తం ఆరు. మిగిలిపోయిన యంత్రాలు వృథా కాలేదు. 1933 నుండి వాటిని ఫ్రాన్సులో రైలు కార్లకు అమర్చారు. రాజుల కోసం చేసిన యంత్రం సామాన్య ప్రయాణికులను మోసిందన్నమాట.

రెండవ ప్రపంచ యుద్ధకాలంలో, జర్మనుల చేతికి చిక్కకుండా బుగాటీ కుటుంబం తమవద్ద ఉన్న రాయల్ కార్లను గోడ చాటున దాచిపెట్టింది. ఎత్తోరే 1947లో చనిపోయాడు. 1950లో అమెరికా పందెగాడు బ్రిగ్స్ కనింగ్‌హామ్ ఆ కుటుంబం వద్ద రెండు కార్లు కొన్నాడు. ఆనాడు ఫ్రాన్సు చితికిపోయి ఉన్నది, ఫ్రాంకు విలువ పడిపోయింది. కొద్ది వందల డాలర్లకు సరిపోయే ఫ్రాంకులు, వాటితోపాటు ఆ దేశంలో దొరకని రెండు క్రొత్త రెఫ్రిజిరేటర్లు ఇచ్చి ఆయన కార్లను తెచ్చుకున్నాడని ఆ కార్ల చరిత్ర వ్రాసినవారు చెబుతారు. మరొక రాయల్ కారు గతి ఇంకా విచిత్రం. ఛార్లెస్ చేన్ అనే ఇంజనీరు 1946లో న్యూయార్కులో పాత ఇనుము దుకాణం నుండి దానిని 400 డాలర్లకు విడిపించాడు. తరువాత ఆయన దానిని హెన్రీ ఫోర్డు ప్రదర్శనశాలకు దానం చేశాడు. అది ఇంకా అక్కడే ఉన్నది.

కనింగ్‌హామ్ కొన్న రెండింటిలో ఒకటి చేతులు మారి 1964లో హారా సేకరణకు చేరింది. 1986 వేలంలో అది 65 లక్షల డాలర్లు పలికింది. టెక్సాసుకు చెందిన జెర్రీ మూర్ దానిని కొని, అదే సంవత్సరం 81 లక్షలకు టామ్ మోనహన్ అనే పిజ్జా వ్యాపారికి అమ్మాడు. రెండవదానిని కనింగ్‌హామ్ తన స్వంత ప్రదర్శనశాలలో ఉంచుకున్నాడు. 1986 చివర ఆ ప్రదర్శనశాల మూతపడింది. 1987 నవంబరులో లండనులోని రాయల్ ఆల్బర్టు హాలులో క్రిస్టీ సంస్థ ఆ కారును వేలం వేయగా 55 లక్షల పౌన్లు, అంటే సుమారు 97 లక్షల డాలర్లు వచ్చింది.

తరగతి గదిలో ఒక లెక్క

ఉపాధ్యాయులు విద్యార్థుల చేత చేయించదగిన లెక్క ఒకటి ఇక్కడ ఉన్నది. ఈ రెండవ కారుకు 1950లో అయిన ఖర్చును, మరమ్మతులు, ఓడ కిరాయి, సుంకము అన్నీ ధారాళంగా కలిపి 5,000 డాలర్లు అనుకుందాం. దానిని రెట్టింపు చేస్తూ పోతే 10,000, 20,000, 40,000 అవుతుంది. పదకొండుసార్లు రెట్టింపు చేస్తే ఒక కోటి 2 లక్షల 40 వేలు. 1987లో వచ్చిన ధరకు ఇది దగ్గరే. 37 సంవత్సరాలలో పదకొండు రెట్టింపులంటే, సుమారు 3 సంవత్సరాల 4 నెలలకు ఒకసారి ధర రెట్టింపైనదన్నమాట. ఇదే కాలంలో అమెరికాలో సామాన్య వస్తువుల ధరలు ఐదు రెట్లకు లోపే పెరిగాయి.

ఈ లెక్క చూసి పాత కార్లు కొంటే కుబేరులం కావచ్చునని అనుకోవడం సహజం. అదే లెక్కను ముందుకు నడిపి చూద్దాం. 1987 నుండి మరి 37 సంవత్సరాలకు, అంటే 2024 నాటికి, ఆ కారు ధర సుమారు 2,000 కోట్ల డాలర్లు కావాలి. అటువంటి ధర లోకంలో ఏ కారుకూ రాలేదు. ఒకసారి జరిగిన పెరుగుదల ఎల్లప్పుడూ జరుగుతుందనుకోవడం తప్పని దీనివల్ల తేలుతుంది. మొదట ధర అంత వేగంగా పెరగడానికి కారణం, అది ఇనుప తుక్కు ధర నుండి కళావస్తువు ధరకు మారడం. ఆ మార్పు ఒకసారే జరుగుతుంది.

మోనహన్ అనుభవం కూడా దీనినే చూపుతుంది. 81 లక్షలకు కొన్న కారును ఆయన 1991లో 80 లక్షలకు అమ్మాడు. మధ్యలో బీమా, భద్రత, నిర్వహణ ఖర్చులు వేరు. 1980ల చివర ధరలు విపరీతంగా ఉబ్బాయి. రెండవ రాయల్ కారు 1990లో జపాను సంస్థ ఒకదానికి ఒక కోటి 57 లక్షల డాలర్లకు అమ్ముడైంది. తరువాత జపానులో ఆర్థిక సంక్షోభం వచ్చింది, పాత కార్ల బజారు కూడా కుప్పకూలింది. ఒకే కర్మాగారంలో పుట్టిన రెండు కార్లలో ఒకటి శిఖరం మీద అమ్ముడుపోయింది, ఇంకొకటి దిగుడు మెట్ల మీద. అందులో కార్ల దోషమేమీ లేదు, తేడా కాలానిదే.

ములూజ్ నగరంలో మరొక తీర్పు

ఇక ఫ్రాన్సులో జరిగిన కథ. ములూజ్ నగరంలో ఉన్ని మిల్లులు నడిపిన హాన్స్ ష్లుంఫ్, ఫ్రిట్స్ ష్లుంఫ్ అనే సోదరులు ఉండేవారు. తమ్ముడు ఫ్రిట్సుకు బుగాటీ కార్లంటే పిచ్చి. 1960లలో ఆయన రహస్యంగా వందలకొద్ది కార్లు కొని పాత మిల్లు భవనంలో చేర్చాడు. 1963లో బుగాటీ కర్మాగారం వద్ద మిగిలిన కార్లను కొన్నాడు. మరుసటి సంవత్సరం అమెరికాలోని జాన్ షేక్‌స్పియర్ అనే సేకర్త దగ్గర 30 బుగాటీలను 85,000 డాలర్లకు కొన్నాడు. వాటిలో ఒక రాయల్ కూడా ఉన్నది.

1970లలో ఉన్ని పరిశ్రమ దెబ్బతిన్నది. కార్మికులకు పని పోయింది. సోదరులు స్విట్జర్లాండుకు వెళ్ళిపోయారు. 1977 మార్చిలో కార్మికులు ఆ భవనంలోకి ప్రవేశించి చూస్తే, దీపస్తంభాల వరుసల నడుమ బారులు తీరిన నాలుగు వందలకు పైగా కార్లు కనిపించాయి. తమకు జీతాలు లేనప్పుడు ఈ వైభవమేమిటని వారికి కలిగిన ఆగ్రహం మనం ఊహించుకోవచ్చును. ఒక చిన్న ఆస్టిన్ కారును తగులబెట్టారు. మిగిలినవాటి జోలికి పోలేదు. రెండు సంవత్సరాలు ఆ భవనాన్ని తమ స్వాధీనంలో ఉంచుకొని, ప్రజలను లోపలికి రానిచ్చి చూపించారు.

బాకీలు తీర్చడానికి కార్లను వేలం వేయాలని అప్పులవారి కోరిక. ఫ్రెంచి ప్రభుత్వం 1978లో ఆ సేకరణను చారిత్రక సంపదగా ప్రకటించింది. అంటే దానిని విడదీయరాదు, దేశం దాటించరాదు. 1981లో నగరపాలక సంస్థ మొదలైనవి కలిసిన ఒక సంఘం మొత్తాన్ని 4 కోట్ల 40 లక్షల ఫ్రాంకులకు కొన్నది. 1982లో ప్రదర్శనశాల తెరుచుకున్నది.

ఆనాటి మారకపు రేటులో 4 కోట్ల 40 లక్షల ఫ్రాంకులంటే సుమారు 81 లక్షల డాలర్లు. నాలుగు వందలకు పైగా కార్లు, వాటిలో నూరుకు పైగా బుగాటీలు, రెండు రాయల్ కార్లు, అన్నిటికీ కలిపి ఇదే ధర. ఐదు సంవత్సరాల తరువాత అమెరికాలో మోనహన్ ఒక్క రాయల్ కారుకు చెల్లించినది కూడా 81 లక్షల డాలర్లే! ఈ మధ్య ధరలు పెరిగిన మాట నిజమే కాని, తేడా అంతా దానివల్ల వచ్చినది కాదు. చట్టం అడ్డుగా నిలిచినప్పుడు కొనగలిగినవాడు ఒక్కడే. రెండవ పాటదారు లేడు. అందువల్ల ధర లేవలేదు. అప్పులవారికి, యజమానులకు నష్టమే. ప్రజలకు మాత్రం మొత్తం సేకరణ ఒకేచోట దక్కింది. రీనోలో అమ్మినవారికి బజారు ధర ముట్టింది కాని వెయ్యికి పైగా కార్లు నలుదిక్కులకు చెదిరిపోయాయి. ఈ రెండు తీర్పులలో ఏది న్యాయమన్న ప్రశ్న తరగతిలో చర్చకు తగినది. జీతాలు రాని కార్మికుల పక్షాన నిలిచి ఒకరు, రాబోయే తరాల పక్షాన నిలిచి మరొకరు వాదించవచ్చును.

అసలుతనమే ప్రాణం

పాత కారు విలువకు మూడు మూలాలు చెప్పవచ్చును. అరుదుతనం ఒకటి, చరిత్ర రెండవది, అసలుతనం మూడవది. మొదటి రెండూ మూడవదాని మీదనే నిలుస్తాయి. అది అసలు కారు కాకపోతే ఎంత అరుదైనా, ఎంత చరిత్ర చెప్పినా లాభం లేదు. అందుచేత నిపుణులు ముందుగా చట్రం మీద, యంత్రం మీద చెక్కిన సంఖ్యలను పరీక్షిస్తారు. కర్మాగారపు పద్దులతో సరిచూస్తారు. పాత ఛాయాచిత్రాలలో కనిపించే గీతలు, అతుకులు కారు మీద ఉన్నవా అని చూస్తారు. రంగు పొరలను కొద్దిగా గీకి అడుగున ఏ రంగు ఉన్నదో తెలుసుకుంటారు. ములూజ్ ప్రదర్శనశాలలో ఆరు రాయల్ కార్లకు బయట మరొక రాయల్ కనిపిస్తుంది. విడిభాగాలతో తరువాతి కాలంలో చేసిన నకలు అది. దానిని నకలు అని చెప్పి చూపడం ప్రదర్శనశాల ధర్మం. ఆ మాట దాచి అమ్మితే మోసమే అవుతుంది.

ఇక్కడ రసాయనశాస్త్రం కూడా ప్రవేశిస్తుంది. ఇనుము తుప్పుపట్టడానికి నీరు, ప్రాణవాయువు రెండూ కావాలి. రబ్బరు ఎండి పగులుతుంది, తోలు పెళుసెక్కుతుంది, నిలువ ఉన్న పెట్రోలు జిగురుగా మారి గొట్టాలను మూసివేస్తుంది. తుప్పుపట్టిన భాగాన్ని తీసి క్రొత్తది వేస్తే కారు మెరుస్తుంది, కాని ఆ మేరకు అసలు పదార్థం పోతుంది. హారా కాలంలో క్రొత్తదానిలా మెరిసే కారుకే గౌరవం. తరువాత అభిప్రాయం మారింది. పాత రంగు, చిరిగిన తోలు సైతం చరిత్ర సాక్ష్యాలని ఇప్పుడు చాలామంది భావిస్తారు. కారును ఎన్నిసార్లయినా బాగుచేయవచ్చును, అసలుగా ఉండడం మాత్రం ఒక్కసారే.

దీనికి మంచి నిదర్శనం మజ్జోరే సరస్సులో దొరికిన బుగాటీ. ఇటలీ, స్విట్జర్లాండుల నడుమ ఉన్న ఆ సరస్సు అడుగున 1925 నాటి చిన్న బుగాటీ ఒకటి డెబ్బది సంవత్సరాలకు పైగా పడి ఉన్నది. 2009లో దానిని బయటికి తీశారు. బురదలో కూరుకుపోయిన భాగానికి ప్రాణవాయువు అందలేదు, అందుచేత అది మెరుగ్గా నిలిచింది. మిగిలినది తుప్పు జల్లెడ. నడవని ఆ శిథిలానికి 2010లో పారిస్ వేలంలో 2,60,500 యూరోలు వచ్చాయి. దానిని కొన్న అమెరికా సేకర్త పీటర్ మల్లిన్ బాగుచేయకుండానే తన ప్రదర్శనశాలలో ఉంచాడు. 2023లో ఆయన చనిపోయాడు. 2024 ఫిబ్రవరిలో ఆ ప్రదర్శనశాల మూతపడింది, ఏప్రిల్‌లో అందులోని కార్లు అనేకం వేలానికి వచ్చాయి. హారా కథే మళ్ళీ జరిగినట్లయింది. ఒక మనిషి అభిరుచి మీద నిలిచిన ప్రదర్శనశాల ఆ మనిషితోనే ముగియడం తరచుగా జరుగుతున్నది.

ప్రదర్శనశాలే అమ్మితే?

మూతపడనవసరం లేని ప్రదర్శనశాలలు కూడా ఒక్కొక్కప్పుడు కార్లను అమ్ముతాయి. 1955లో మెర్సిడెస్ బెంజ్ సంస్థ తన ఇంజనీరు రుడాల్ఫ్ ఊలెన్‌హౌట్ పేరుతో ప్రసిద్ధమైన కార్లు రెండింటిని చేసింది. 2022 మే 5న స్టుట్‌గార్టులోని సంస్థ ప్రదర్శనశాలలో, ఆహ్వానం ఉన్నవారి నడుమ మాత్రమే జరిగిన వేలంలో, వాటిలో ఒకటి 13 కోట్ల 50 లక్షల యూరోలకు అమ్ముడైంది. అంతకు పూర్వం వేలంలో ఏ కారుకూ అంత ధర రాలేదు. ఆ సొమ్మును విద్యార్థి వేతనాలకు కేటాయించారు. రెండవ కారును సంస్థ తన వద్దనే ఉంచుకున్నది.

అమెరికాలోని ఇండియానాపొలిస్ పందెపు బాట ప్రదర్శనశాల 2025లో కొన్ని కార్లను అమ్మకానికి పెట్టింది. 1965లో బహుమానంగా వచ్చిన మెర్సిడెస్ పందెపు కారు వాటిలో ఒకటి. ఫాంజియో, స్టిర్లింగ్ మాస్ వంటి మేటి చోదకులు నడిపినది. దానికి రుసుముతో కలిపి 5 కోట్ల 11 లక్షల 55 వేల యూరోలు వచ్చాయి. 1965లో లె మాన్ పందెం గెలిచిన ఫెరారీ కారుకు సుమారు 3 కోట్ల 49 లక్షల యూరోలు వచ్చాయి. మూలధనానికి, మిగిలిన కార్ల సంరక్షణకు ఆ ధనం అవసరమని ప్రదర్శనశాలవారు చెప్పారు. ఈ కార్లు ఇండియానాపొలిస్ పందెపు చరిత్రకు సంబంధించినవి కావు, కనుక ఆ వాదానికి బలం ఉన్నది. అయితే బహుమానంగా వచ్చిన వస్తువును అమ్మవచ్చునా అన్న సందేహం కూడా న్యాయమైనదే. ప్రదర్శనశాలల అంతర్జాతీయ మండలి నీతినియమావళి ఈ విషయంలో ఒక హద్దు గీసింది. సేకరణలోని వస్తువును అమ్మగా వచ్చిన ధనాన్ని సేకరణ మేలుకే వాడాలి గాని, రోజువారీ ఖర్చులకు వాడరాదు. విత్తనపు గింజలను వండుకు తినరాదన్న రైతు నీతి వంటిదే ఇది.

వెల, విలువ

మన మాటలలో ‘వెల’, ‘విలువ’ అని రెండు ఉన్నవి. ఇంత దూరం చెప్పిన కథ ఆ రెండింటి తేడాను తెలుపుతుంది. వెల అనేది ఒకనాడు, ఒకచోట, ఇద్దరు పాటదారుల నడుమ పుట్టే అంకె. మాంద్యం వస్తే తగ్గుతుంది, పోటీ ఉంటే పెరుగుతుంది, చట్టం అడ్డుపడితే ఆగుతుంది. విలువ అట్లా కాదు. 400 డాలర్లకు ఇనుప దుకాణంలో పడి ఉన్ననాడు కూడా రాయల్ కారు యంత్రంలోని పనితనం అంతే, ఈనాడూ అంతే.

హైదరాబాదులోని చౌమహల్లా ప్యాలెసుకు వెళ్ళిన విద్యార్థులు అక్కడ నిజాం కాలపు పసుపు పచ్చని రోల్స్ రాయిస్ కారును చూడవచ్చును. దాని ఖరీదు ఎంత ఉంటుందని అడగడం అందరికీ అలవాటు. ఆ ప్రశ్నతోపాటు మరికొన్ని అడగడం నేర్పితే బాగుంటుంది. ఈ లోహపు రేకును ఏ పనివాడు వంచాడు? దీని చక్రాలు ఎట్లా తిరుగుతాయి? వంద సంవత్సరాలుగా తుప్పు పట్టకుండా దీనిని ఎవరు కాపాడారు? ఇటువంటి ప్రశ్నలు అడిగేవారు ఉన్నంతకాలం ప్రదర్శనశాలలకు అండ ఉంటుంది. రీనోలో 175 కార్లు నిలిచినది ఊరివారు నోరు విప్పి అడిగినందువల్లనే.